జీతం ముందా, అప్పు ముందా?
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నౌకరీదార్లకు ప్రభుత్వ నిధుల నుండి ఎంత అప్పు పుడుతుంది - ఒక చారిత్రక పరిశీలన

మన సంఘ సభ్యులలో నెల జీతం మీద బతికేవారు ఏటేటా పెరుగుతున్నారు. బడిపంతుళ్ళు, ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, మునిసిపాలిటీ కాంట్రాక్టు పనివారు, కరెంటు ఆఫీసు సిబ్బంది, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే ఆడపిల్లలు - వీరందరి జీతం నుండి ప్రతి నెలా ఏదో ఒక నిధి పేరున కొంత పైకం కోత పడుతూనే ఉంది. అయినా బిడ్డ పెండ్లికో, ఆపరేషనుకో అవసరం వచ్చినప్పుడు ఎక్కువమంది వెళ్ళేది ఆ నిధి దగ్గరికి కాదు, నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి దగ్గరికే. కారణం ఏమిటని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మా పైసల మీద మాకు ఎంత వస్తుందో మాకు తెల్వదు."

ఈ మాటే మమ్మల్ని ఈ వ్యాసానికి పురికొల్పింది. ఎంత వస్తుందో చెప్పటం తేలికే. కాని అంతే ఎందుకు వస్తుంది, అంతకు మించి ఎందుకు ఇవ్వరు అనేది తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. కాబట్టి పాఠకులు ఓపికతో చదవవలసిందిగా మనవి.

జీతగాడు అనే మాట

మన ప్రాంతంలో "జీతం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పట్నంలో జీతం అంటే నెల గడిచాక చేతికొచ్చే డబ్బు. పల్లెలో "ఫలానా వాడు దొర దగ్గర జీతం ఉన్నాడు" అంటే అర్థం వేరు. వాడో, వాడి తండ్రో ముందుగా అప్పు తీసుకున్నాడు. ఆ అప్పు తీరేదాకా ఏడాదికింతని పని చేయాలి. ఏడాది చివర లెక్క చూస్తే అప్పు తగ్గకపోగా పెరిగేది. వాడే జీతగాడు.

గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలో పేరుమోసిన సంస్థానాలు. నాగర్‌కర్నూలు వైపు కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానం ఉండేది. కోటలు, పండితులు, కవులు, గద్వాల చీరెలు - ఈ చరిత్ర అందరికీ తెలిసినదే. ఆ కోటల చుట్టూ ఉన్న పల్లెల్లో అప్పు మీద కట్టుబడి పనిచేసిన మనుషుల చరిత్ర మాత్రం తక్కువగా వ్రాయబడింది. హైదరాబాదు రాజ్యంలో ఈ పద్ధతిని "భగేలా" అనేవారు. దీనిని అదుపులో పెట్టటానికి నిజాం ప్రభుత్వం 1943లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. కాగితం మీద చట్టం వచ్చింది గాని, పల్లెలో కాగితం చదివేవాడే కరువు.

స్వతంత్రం వచ్చిన చాలా ఏళ్ళకు, 1976లో, వెట్టిచాకిరి నిర్మూలన చట్టాన్ని పార్లమెంటు చేసింది. ఆ చట్టంలో దేశంలోని వేర్వేరు వెట్టి పద్ధతుల పేర్ల జాబితా ఒకటి ఉంది. అందులో "భగేలా" ఉంది, "జీతా" ఉంది, "పాలేరు" ఉంది, "వెట్టి" ఉంది. మన నోట నిత్యం నలిగే మాటలు ఢిల్లీ చట్టంలోకి ఎక్కాయంటే, ఈ నేల ఎంత అప్పు మోసిందో ఊహించవచ్చు.

దీనికి తోబుట్టువే మేస్త్రీ పద్ధతి. "పాలమూరు లేబర్" అనే పేరు దేశమంతటా ప్రాజెక్టుల దగ్గర వినపడేది. వానలు లేని ఏడు గుంపు మేస్త్రీ ఊరికొచ్చి ఇంటికింత అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు అందుకున్న కుటుంబం తట్టా పారా నెత్తిన పెట్టుకుని దూరదేశం వెళ్ళేది. కూలి ఎంతో తెలియదు, లెక్క మేస్త్రీ చేతిలో ఉండేది. 1979లో వచ్చిన అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఈ కూలీలకు ఒక మంచి హక్కు ఇచ్చింది. ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగం గాని, 75 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది ఇవ్వవలసి ఉండేది. దానిని తిరిగి అడగరాదని ఉండేది. ఈ "ఏది ఎక్కువైతే అది" అనే మాట గుర్తుంచుకోండి. ముందు ముందు దీనికి సరిగ్గా ఎదురు మాట వస్తుంది.

ఇక్కడ అసలు సంగతి ఏమంటే, జీతగాడి విషయంలోను, మేస్త్రీ కూలీ విషయంలోను అప్పు ముందు, జీతం తర్వాత. అప్పుకు హద్దు లేదు. ఎంత ఎక్కువ అప్పిస్తే మనిషి అన్ని ఎక్కువ రోజులు కట్టుబడి ఉంటాడు. ఇచ్చేవాడికి కావలసింది కూడా అదే.

జీతం ముందు, అప్పు తర్వాత

దీనికి పూర్తిగా తలకిందులైన ఏర్పాటు ప్రభుత్వ నౌకరీలలో పుట్టింది. ముందు పని, తర్వాత జీతం. జీతంలో కొంత పొదుపు. ఆ పొదుపు మీదనే అప్పు. అప్పు పొదుపును దాటరాదు.

మన హైదరాబాదు రాజ్యంలో దీనికి మూలం 1907లో పడింది. నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కుటుంబాల కోసం ఒక కుటుంబ పింఛను నిధిని ఏర్పాటు చేసింది. ఇదే తర్వాత హైదరాబాదు ప్రభుత్వ జీవిత బీమా నిధిగా మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవిత బీమా శాఖ అయింది. ఉద్యోగులు దీనినే ఏపీజీఎల్ఐ అని పిలుచుకున్నారు. 2014లో తెలంగాణ వచ్చాక మన వాటా మనకు వచ్చింది. అంటే గద్వాల తాలూకా కచేరీలో ఒకప్పటి గుమాస్తా జీతం నుండి కోసిన బీమా పైకానికీ, నేడు జోగులాంబ గద్వాల జిల్లా కలెక్టరేటులో పనిచేసే జూనియర్ అసిస్టెంటు జీతంలో పడే కోతకూ మధ్య తెగని దారం ఒకటి ఉంది.

ఈ బీమా మీద అప్పు ఎంత పుడుతుంది? పాలసీని ఈ రోజే వదులుకుంటే ఎంత చేతికి వస్తుందో, దానిని స్వాధీనపు విలువ అంటారు. అందులో 90 శాతం వరకు అప్పు ఇస్తారు. వడ్డీతో సహా జీతంలోంచి వాయిదాలుగా పట్టుకుంటారు. చాలామంది పాలసీ మొత్తం మీద 90 శాతం అనుకుంటారు. అది పొరపాటు. రెండు లక్షల పాలసీ ఉన్నా, కొద్ది ఏళ్ళ కిందటే మొదలుపెడితే స్వాధీనపు విలువ చాలా తక్కువ ఉంటుంది.

రెండవది జనరల్ ప్రావిడెంట్ ఫండు. ప్రావిడెంటు ఫండుల చట్టం 1925లో వచ్చింది. ఈ చట్టం చేసిన గొప్ప పని ఒకటుంది: ఉద్యోగి నిధిలోని పైకాన్ని అప్పులవాడు కోర్టుకు వెళ్ళి జప్తు చేయించలేడు. సావుకారు చేతిలో ప్రామిసరీ నోటు ఉన్నా సరే, నిధిని తాకలేడు. 1952 నాటి ఎంప్లాయీస్ ప్రావిడెంటు ఫండు చట్టంలోని 10వ సెక్షను కూడా ఇదే రక్షణ ఇచ్చింది. జీతగాడికి లేనిది, నౌకరీదారుకు దొరికినది ఈ కంచెయే.

జీపీఎఫ్‌లో తాత్కాలిక అడ్వాన్సుకు చాలాకాలం ఉన్న మామూలు కొలత ఇది: మూడు నెలల జీతం గాని, ఖాతాలో నిల్వ ఉన్నదానిలో సగం గాని, ఏది తక్కువైతే అది. దానిని 12 నుండి 24 వాయిదాలలో తిరిగి కట్టాలి. ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఒక పంతులుగారి జీతం 40,000, నిల్వ 2,00,000 అనుకోండి. మూడు నెలల జీతం 1,20,000. నిల్వలో సగం 1,00,000. తక్కువైనది 1,00,000. కనుక అంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2017లో ఈ కొలతను పెంచి, పన్నెండు నెలల జీతం గాని నిల్వలో ముప్పాతిక గాని, ఏది తక్కువైతే అది అన్నారు; వాయిదాలు 60 దాకా పెంచారు. అదే పంతులుగారు కేంద్ర ఉద్యోగి అయితే పన్నెండు నెలల జీతం 4,80,000 అవుతుంది, నిల్వలో ముప్పాతిక 1,50,000 అవుతుంది. వచ్చేది 1,50,000.

మేము గుర్తుంచుకోమన్న మాటకు ఎదురు మాట ఇదే: "ఏది తక్కువైతే అది". వలస కూలీకి ఇచ్చే భత్యం దగ్గర చట్టం ఎక్కువవైపు మొగ్గింది, ఎందుకంటే అది అతనికి దక్కవలసిన సొమ్ము. అప్పు దగ్గర తక్కువవైపు మొగ్గింది, ఎందుకంటే అది అతని ముసలితనం నుండి తీసే సొమ్ము. రెండింటిలోను చట్టం కూలివాడి పక్షానే నిలబడింది.

అయితే 1-9-2004 తర్వాత మన రాష్ట్ర నౌకరీలో చేరినవారికి జీపీఎఫ్ లేదు. వారిది కాంట్రిబ్యూటరీ పింఛను. అందులో ఉద్యోగి తన స్వంత చందాలో నాలుగో వంతు మాత్రం, అదీ పెండ్లి, చదువు, వైద్యం, ఇల్లు వంటి పనులకే మధ్యలో తీసుకునే వీలు కల్పించారు. పాత పంతులుగారికి దొరికిన వెసులుబాటు కొత్త పంతులుగారికి లేదు. ఉద్యోగ సంఘాలు పాత పింఛను కోసం ఇన్నేళ్ళుగా పోరాడటంలో ఈ బాధ కూడా ఒక భాగమే.

ఫ్యాక్టరీ పనివారి నిధి

ప్రభుత్వ నౌకరీ లేనివారి సంగతి 1951 నవంబరు 15న వచ్చిన ఆర్డినెన్సుతో మొదలైంది. 1952లో అదే చట్టమయింది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు - ఈ ఆరు పరిశ్రమలకే, 50 మంది పనివారున్న ఫ్యాక్టరీలకే వర్తించేది. 1960లో ఆ 50ని 20కి దించారు. అప్పటి మన తాలూకాలలో అటువంటి ఫ్యాక్టరీలు వేళ్ళమీద లెక్క. కాబట్టి ఈ చట్టం మన గడపదాకా రావటానికి చాలా ఏళ్ళు పట్టింది.

తెలంగాణ స్త్రీలకు ముఖ్యమైన సంవత్సరం 1977. ఆ ఏడు బీడీ పరిశ్రమను ఈ నిధి కిందికి తెచ్చారు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు మా కార్మికులే కారని యజమానులు వాదించారు. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదం చెల్లదని, ఇంటిదగ్గర చుట్టేవారు కూడా నిధికి అర్హులేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వల్ల పరదాలోపల చాట ముందు కూర్చున్న ఎందరో తల్లుల చేతికి మొదటిసారి తమ పేరున ఒక ఖాతా నంబరు వచ్చింది. 2011 జనవరిలో మునిసిపాలిటీలను కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వీధులు ఊడ్చే కాంట్రాక్టు పనివారికి ఇది దారి తెరిచింది. 2014లో ప్రతి సభ్యునికి యూఏఎన్ అనే ఒకే శాశ్వత నంబరు ఇవ్వటం మొదలయింది.

ఈ నిధినుండి తీసే పైకాన్ని మనవాళ్ళు "పీఎఫ్ లోను" అంటారు. నిజానికి అది అప్పు కాదు, తిరిగి కట్టనవసరం లేని అడ్వాన్సు. 1952 స్కీములోని 68వ పేరా కింద అనేక సందర్భాలకు వేర్వేరు హద్దులు పెట్టారు. ముఖ్యమైనవి చెప్తాం.

జబ్బు చేస్తే: ఆరు నెలల జీతం గాని, సభ్యుని స్వంత వాటా వడ్డీతో సహా గాని, ఏది తక్కువైతే అది.

పెండ్లికి, పిల్లల పై చదువుకు: ఏడేళ్ళ సభ్యత్వం నిండాక స్వంత వాటాలో సగం. మొత్తం నౌకరీలో మూడు సార్లకు మించరాదు.

కరోనా కాలంలో, 2020 మార్చి నుండి: మూడు నెలల జీతం గాని, ఖాతా నిల్వలో 75 శాతం గాని, ఏది తక్కువైతే అది. 2021లో రెండవసారి కూడా ఇచ్చారు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 12,000 జీతం ఉన్న ఒక పనివాడు. 12 శాతం చొప్పున అతని వాటా నెలకు 1,440. యజమాని కూడా 12 శాతం కడతాడు గాని, అందులో 8.33 శాతం పింఛనుకు పోతుంది. నిధిలో పడేది సుమారు 440 మాత్రమే. చాలామందికి ఈ సంగతి తెలియక "యజమాని నా వాటాతో సమానంగా కట్టలేదు" అని అనుమానపడతారు. ఏడేళ్ళకు, అంటే 84 నెలలకు, అతని స్వంత వాటా వడ్డీ కలపకుండా 1,20,960 అవుతుంది. పై లెక్కల ప్రకారం పెండ్లికి అందులో సగం 60,480. జబ్బుకు ఆరు నెలల జీతం 72,000. కరోనా కింద మూడు నెలల జీతం 36,000.

అదే పనివాడు చేరి ఒక్క ఏడాదే అయిందనుకోండి. స్వంత వాటా 17,280. జబ్బుకు వచ్చేది అంతే, ఆరు నెలల జీతం కాదు. "ఆరు నెలల జీతం వస్తుందన్నారు, పదిహేడు వేలే వచ్చింది" అని నెత్తి కొట్టుకునేవారు ఈ "ఏది తక్కువైతే అది" అనే మూడు మాటలు వినకపోవటం వల్లనే అలా అంటారు.

2025 అక్టోబరు 13న ఈ నిధి కేంద్ర ట్రస్టీల బోర్డు 13 రకాల నిబంధనలను మూడుగా కుదించాలని నిర్ణయించింది: తప్పనిసరి అవసరాలు, ఇల్లు, ప్రత్యేక పరిస్థితులు. పన్నెండు నెలల సర్వీసు చాలునని, యజమాని వాటాను కూడా కలిపి తీసుకోవచ్చునని, పెండ్లికి 5 సార్లు, చదువుకు 10 సార్లు వీలు కల్పించాలని, అయితే ఖాతాలో 25 శాతం ఎప్పుడూ కదలకుండా ఉండాలని ఆ నిర్ణయం సారాంశం. కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఆ రోజున ఏ నిబంధన నడుస్తున్నదో కనుక్కోవటం మంచిది. హద్దు పెరిగింది గదా అని సంతోషించవచ్చు. కాని 25 శాతం కంచె ఎందుకు ఉంచారో కూడా ఆలోచించాలి.

దీని జవాబు లెక్కలోనే ఉంది. ముప్పై అయిదేళ్ళ వయసులో 60,000 తీసి ఖర్చు చేశామనుకోండి. ఏటా 8 శాతం చొప్పున అది నిధిలోనే ఉంటే పద్దెనిమిది ఏళ్ళకు సుమారు 2,40,000 అయ్యేది. మనం తీసింది అరవై వేలు కాదు, ముసలితనంలోని రెండు లక్షల నలభై వేలు. తిరిగి కట్టనవసరం లేని పైకం అన్నింటికంటె ఖరీదైనది కావచ్చు.

ఇతర దేశాల సంగతి

గల్ఫుకు పోయిన మన పిల్లలు ఫిలిప్పీన్సు వారితో కలిసి పనిచేస్తూ వారి "శాలరీ లోను" మాట విని వస్తుంటారు. ఆ దేశంలో 1954 నాటి చట్టం కింద 1957 సెప్టెంబరు 1న సామాజిక భద్రతా వ్యవస్థ పని మొదలుపెట్టింది. అక్కడ 36 నెలల చందా కట్టినవారికి ఒక నెల జీతమంత, 72 నెలలు కట్టినవారికి రెండు నెలల జీతమంత అప్పు ఇస్తారు. రెండేళ్ళలో వడ్డీతో తిరిగి కట్టాలి. చూస్తే చాలా తక్కువ అనిపిస్తుంది. కాని తిరిగి కట్టే అప్పు కాబట్టి ముసలితనపు పింఛను తరగదు. మన పీఎఫ్ ఎక్కువ ఇస్తుంది గాని, ఇచ్చింది ఇక పోయినట్టే. పాత జీపీఎఫ్ తాత్కాలిక అడ్వాన్సు ఈ రెండింటికి నడుమ నిలుస్తుంది: కొంచెం ఎక్కువే ఇస్తుంది, తిరిగి నింపిస్తుంది. ముగ్గురిలో ఎవరిది మంచిదని అడిగితే, తిరిగి నింపించేదే మంచిదని మా అభిప్రాయం.

వడ్డీ సంగతి

మన సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. వడ్డీ వద్దనుకునే ముసల్మాను నౌకరీదారు ఈ నిధులలో ఏమి చేయాలి? ధర్మం చెప్పవలసింది ఉలమాలు. మేము చట్టంలో ఉన్నది మాత్రం చెప్తాం, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు.

కేంద్ర ప్రభుత్వ జీపీఎఫ్ నియమాలు 1960లో వచ్చాయి. వాటిలో 11వ నియమం, వడ్డీ వద్దని ముసల్మాను చందాదారుడు లెక్కల అధికారికి తెలియజేస్తే అతని ఖాతాలో వడ్డీ వేయరాదని చెప్పింది. తర్వాత మనసు మార్చుకుని అడిగితే, అడిగిన ఏడాది మొదటినుండి వేస్తారు. ఇంకా ముచ్చటైన సంగతి, పాత నియమాలలో అడ్వాన్సు మీద కూడా కొంత వడ్డీ పట్టుకునేవారు; అయితే తన నిల్వ మీద వడ్డీ తీసుకోని ముసల్మాను చందాదారుని దగ్గర ఆ వడ్డీ పట్టుకోరాదని ఉండేది. తీసుకోనివాడు ఇవ్వనక్కరలేదు అన్నమాట. ఎంప్లాయీస్ ప్రావిడెంటు ఫండు స్కీము 60వ పేరాలో కూడా, వడ్డీ వద్దని సభ్యుడు వ్రాసి ఇస్తే వేయరాదనే నిబంధన పెట్టారు.

వడ్డీ లేని అప్పు సంగతిలో మన హైదరాబాదుకు ఒక చరిత్ర ఉంది. హైదరాబాదులో 1908లో పుట్టి, ఉస్మానియాలో చదివి, ప్రపంచ ప్రసిద్ధి పొందిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) ఈ నగరంలోని వడ్డీ లేని ఋణ సంఘాల గురించి తన రచనలలో వివరించారు. ఉద్యోగులు నెలనెలా చిన్న మొత్తాలు జమ చేయటం, ఆ మూటలోంచి అవసరమున్నవాడికి హద్దు ప్రకారం ఇవ్వటం, వాయిదాలుగా తిరిగి తీసుకోవటం - పద్ధతి ఇంతే. ఉత్తరాన దేవ్‌బంద్‌లో 1961లో మొదలైన ముస్లిం ఫండు కూడా ఇటువంటి ఆలోచన మీదనే నడిచింది. ప్రభుత్వ నిధి నేర్పిన సూత్రాన్నే ఈ సంఘాలు వడ్డీ లేకుండా పాటించాయి: ముందు జమ, తర్వాత కర్జు.

జీతం లేనివారి సంగతి

ఇంతవరకు చెప్పినదంతా జీతం చీటీ ఉన్నవారి కథ. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిములలో నెల జీతపు నౌకరీలు తక్కువని, స్వంత చేతిపనులు, చిన్న వ్యాపారాలు ఎక్కువని, బ్యాంకు అప్పులలో వారి వాటా తక్కువని లెక్కలతో చూపింది. మన మూడు పట్టణాలలో బజారుకు వెళ్ళి చూస్తే ఆ నివేదిక చదవనక్కరలేదు. మెకానిక్కులు, ఆటోవాళ్ళు, పండ్లబండ్లవాళ్ళు, దర్జీలు, వెల్డింగు పనివారు - వీరికి ఏ నిధీ లేదు. వీరికి దొరికేది గిరిగిరి అప్పు. పొద్దున ఇచ్చి సాయంత్రం వసూలు మొదలుపెట్టే ఆ అప్పులో జీతగాడి నీడ కనబడుతుంది: అప్పు ముందు, సంపాదన తర్వాత.

నూటికి మూడు రూపాయల వడ్డీకి 30,000 తీసుకుంటే నెలకు 900, ఏడాదికి 10,800 వడ్డీయే పోతుంది. అసలు అట్లాగే ఉంటుంది. మూడేళ్ళు గడిచేసరికి తీసుకున్నదానికంటె ఎక్కువ వడ్డీ కట్టి ఉంటాం. ఇళ్ళలో ఎక్కువ అప్పు చేయించేది పెండ్లి. షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలై, 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. ఆ సొమ్ము ఎందరికో ఆసరా అయింది. కాని పెండ్లి ఖర్చు పథకం కంటె వేగంగా పెరిగితే ఏ పథకమూ ఆదుకోలేదు. ఈ మాట మనలో మనం చెప్పుకోవలసినదే.

సభ్యులకు మా మనవి

చరిత్ర చదివి ఊరుకుంటే లాభం లేదు. కాబట్టి కొన్ని మాటలు.

ఒకటి. కాంట్రాక్టు పనివారు ప్రతి మూడు నెలలకు ఒకసారి తమ పీఎఫ్ ఖాతా చూసుకోవాలి. జీతంలో కోసిన పైకం ఖాతాలో పడకపోతే కాంట్రాక్టరునే పట్టుకుని వేలాడనక్కరలేదు. కాంట్రాక్టరు కట్టకపోతే పని ఇచ్చిన అసలు యజమాని కట్టాలని చట్టం చెప్పింది. వ్రాసి అడగండి, నకలు దాచుకోండి.

రెండు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక తీరు, పీఎఫ్‌లో ఒక తీరు ఉంటే అవసరంనాడు దరఖాస్తు తిరిగి వస్తుంది. మన పేర్లలో మొహమ్మద్, మహమ్మద్, ఎండీ అని మూడు రకాలుగా వ్రాయటం వల్ల ఈ చిక్కు మనకే ఎక్కువ. తీరిక ఉన్నప్పుడే సరిచేసుకోండి. నామినీ పేరు కూడా వ్రాయించండి. ఆమె పేరు కాగితం మీద లేకపోతే ఇంటామె ఎన్ని గడపలు ఎక్కాలో ఊహించండి.

మూడు. అప్పు అడిగేముందు రెండు లెక్కలు వేసుకోండి: ఇన్ని నెలల జీతం ఎంత, నిల్వలో నా వాటా ఎంత. ఆ రెండింటిలో తక్కువైనదే మీది. అంతకు మించి ఇప్పిస్తానని ఎవరైనా కమీషను అడిగితే నమ్మకండి.

నాలుగు. అప్పుల కోతలన్నీ కలిసి జీతంలో సగం దాటకుండా చూసుకోండి. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం కూడా కోతలకు మామూలుగా సగం వద్దనే గీత గీసింది. ఆ గీత ఇంట్లో పొయ్యి వెలిగేందుకు గీసినది.

అయిదు. ఏటీఎం కార్డు, పాసుబుక్కు అప్పులవాడి దగ్గర కుదువ పెట్టకండి. ఉర్దూలో జీతాన్ని తన్‌ఖ్వా అంటాం, తెలుగులో తాకట్టును తనఖా అంటాం. చెవికి రెండూ ఒకటిగానే వినపడతాయి గాని బతుకులో ఒకటి కారాదు. చట్టం జప్తునుండి కాపాడిన సొమ్మును మన చేతులతో మనమే అప్పగించటం న్యాయం కాదు.

ఆరు. జీతం లేనివారి కోసం ప్రతి మొహల్లాలో నెలకింతని జమ చేసుకుని, హద్దు పెట్టుకుని, వడ్డీ లేకుండా ఇచ్చిపుచ్చుకునే చిన్న మూట ఒకటి ఉండాలి. దానికి కావలసింది పెద్ద ధనం కాదు, సరైన లెక్కల పుస్తకం, నలుగురి ముందు చదివి వినిపించే అలవాటు.

మన తాతలలో కొందరు అప్పు ముందు తీసుకుని బతుకంతా జీతం ఉన్నారు. మనకు జీతం ముందు చేతికొచ్చే రోజులు వచ్చాయి. ఈ వరుస మళ్ళీ తలకిందులు కాకుండా కాపాడుకోవటం మన చేతిలోనే ఉంది. పిల్లలకు ఏమి మిగిల్చినా, మిగల్చకపోయినా, అప్పు లేని జీతం మిగిల్చుదాం.